'పి'లో పెట్టీసాను కదా, హ్యాండ్‌బ్రేక్ ఎందుకు?

నమస్తే అండీ, శ్రీకాకుళం నుంచి మళ్లీ నేనే. ఈ వీడియో కొంచెం కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

మొన్న ఆదివారం మా బావ కొత్తగా కొన్న ఆటోమేటిక్ కారు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మా వీధి సంగతి తెలిసిందే. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందని భయపడి, కొత్త ఇల్లు కట్టే ప్రతివాడూ పునాది నాలుగు అడుగులు లేపుతాడు. దాంతో గేటు ముందు ర్యాంపు జారుడుబల్ల అయి కూర్చుంటుంది. బావ ఆ ర్యాంపు మీద కారు ఆపాడు, గేర్ రాడ్‌ని 'పి'లో, అంటే పార్కింగ్‌లో, పెట్టాడు, ఇంజన్ ఆపి దిగాడు. కారు బెత్తెడు వెనక్కి జరిగి, 'టక్' మని ఆగింది. వెనకాల మా అమ్మ ముగ్గు వేస్తోంది.

"బావా, హ్యాండ్‌బ్రేక్?" అన్నాను.

"పీలో ఎట్టీసాను కదరా, ఇంకా ఏటవద్ది?"

ఈ మాట నాకు వారానికి ఒకసారైనా వినిపిస్తుంది. 'పి' అంటే బ్రేక్ అనుకుంటున్నారు. కాదండీ. అది గడియ.

[తెర మీద: పశువుల శాల, చెక్క గేటు, ఇనుప గడియ]

ఆమదాలవలస దగ్గర మా తాతగారి ఊళ్లో పశువుల శాలకి ఒక చెక్క గేటు ఉండేది. దానికి ఇనుప గడియ. వానాకాలం రాత్రి లేచి వెళ్లడానికి బద్ధకం, అందుకని తాత ఆ గడియకి తాడు కట్టి అరుగు దాకా తెచ్చుకున్నాడు. అరుగు మీద కూర్చుని తాడు లాగితే అక్కడ గడియ జరిగి కన్నంలో పడుతుంది. ఈ గేటును మర్చిపోకండి, వీడియో అంతా దీని మీదే నడుస్తుంది.

మీ కారు గేర్‌బాక్స్‌లో కూడా ఇదే ఉంది. చక్రాలకి శక్తినిచ్చే ఇరుసు మీద గాట్లున్న ఒక చక్రం ఉంటుంది. పక్కనే చిన్న ఉక్కు మీట, దానికి ఒక పన్ను. దాన్ని పార్కింగ్ పాల్ అంటారు. మీరు 'పి'లో పెట్టగానే ఆ పన్ను వెళ్లి గాటులో పడుతుంది. అంతే. బ్రేకులా రాపిడితో పట్టుకోవడం ఏమీ లేదు. వెయ్యి కిలోలు దాటిన బండి మొత్తం ఆ ఒక్క పన్ను మీద ఆనుకుని నిలబడుతుంది. బావ కారు బెత్తెడు జరిగింది కూడా అందుకే. గాటు ఎదురుగా వచ్చేదాకా చక్రం తిరిగింది, అప్పుడు గడియ పడింది. అది లోపం కాదు, దాని పద్ధతే అంత.

ఇంకో విషయం, చాలామంది పట్టించుకోనిది. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. 'పి' పట్టుకునేది ఆ ముందు చక్రాల ఇరుసునే. పంక్చర్ అయిందని ముందు చక్రం ఒకటి జాకీతో లేపారనుకోండి, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేరు వేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గాల్లో ఉన్న చక్రం తిరగగలదు, అది తిరిగితే నేల మీదున్నదీ తిరుగుతుంది. 'పి'లో ఉన్న బండే జాకీ మీంచి జారిపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ మామూలుగా వెనక చక్రాలను పడుతుంది. రెండూ వేరు వేరు తాళాలు. ఒకటి వేసి రెండోది ఎందుకంటారేంటి!

సరే, ఇప్పుడు రీకాల్ సంగతికి వద్దాం, అంటే లోపం ఉన్న బండ్లను బాగు చేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం. గడియ పడాల్సిన చోట పడకపోతే?

మా తాత తాడు ఒకసారి ముడి దగ్గర కుళ్లిపోయింది. ఆయన అరుగు మీంచి లాగాడు, తాడు వచ్చింది, గడియ పడిందనుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి ఆవు పక్కవాళ్ల పెసర చేలో ఉంది. సరిగ్గా ఇదే ఫోర్డ్ కంపెనీకి 2022లో అమెరికాలో జరిగింది. గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుల్ చివర బుష్ అని ఒక చిన్న తొడుగు ఉంటుంది. మన ముడి అన్నమాట. అది పాడై ఊడిపోతే గేర్ రాడ్ 'పి'లోనే కనిపిస్తుంది, లోపల బండి వేరే గేర్‌లో ఉండొచ్చు. దాదాపు 29 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. చూడండి, ఒక బుష్ కోసం!

రెండో రకం నాకు ఇంకా విచిత్రంగా ఉంటుంది. గడియ బాగుంది, తాడూ బాగుంది. కానీ లాగిన ప్రతిసారీ తాడు పిడి మళ్లీ మొదటి చోటికే వచ్చేస్తుందనుకోండి, లాగామో లేదో చూసి చెప్పలేం కదా? ఫియట్ క్రైస్లర్ వాళ్లు జీప్ గ్రాండ్ చెరోకీ లాంటి కొన్ని బండ్లలో అలాంటి గేర్ రాడ్ పెట్టారు. 'డి' (డ్రైవ్) వేసినా, 'పి' వేసినా రాడ్ మధ్యలోకి వచ్చేస్తుంది. ఏ గేర్‌లో ఉందో దీపం చూసి తెలుసుకోవాలి. 'పి'లో పెట్టామనుకుని దిగిపోయినవాళ్లు ఉన్నారు. 2016 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించారు. రెండు నెలలకే, జూన్ 19న, హాలీవుడ్ నటుడు ఆంటన్ యెల్చిన్ తన ఇంటి వాలు దారిలో సొంత జీపే వెనక్కి దొర్లి చనిపోయాడు. 27 ఏళ్లు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చారు, డ్రైవర్ తలుపు తీస్తే బండి దానంతట అదే 'పి'లోకి వెళ్లేట్టు. అందంగా ఉందని గేర్ రాడ్ మార్చేవాళ్లంటే నాకు అప్పటి నుంచీ పడదు.

మూడోది చిన్నదే. గడియ గట్టిగా పడింది, కానీ గేటు బందులే ఊడాయి. అప్పుడు గడియ ఉండి ఏం లాభం? కియా కంపెనీ టెల్యూరైడ్ కారులో 2024లో అదే. ముందు ఇరుసులోని ఒక షాఫ్ట్ పూర్తిగా కూర్చోకపోవచ్చని, దాని పట్టు తప్పితే 'పి'లో ఉన్నా బండి కదిలిపోవచ్చని అమెరికాలో 4,27,407 బండ్లు పిలిచారు. ఈ మోడల్ మన దగ్గర అమ్మరు, కంగారు పడకండి.

పాత ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. 1966 నుంచి 1980 దాకా ఫోర్డ్ చేసిన ఆటోమేటిక్ బండ్లు 'పి' నుంచి రివర్స్‌లోకి జారుతున్నాయని అమెరికాలో పెద్ద గొడవ. చివరికి ఏం చేశారో తెలుసా? బాగు చేయలేదు. సుమారు 2 కోట్ల 30 లక్షల బండ్లకి హెచ్చరిక స్టిక్కర్లు పంపారు! గేటు గడియ బాగు చేయకుండా, గేటు మీద 'గడియ పడిందో లేదో చూసుకోవలెను' అని కాగితం అంటించినట్టు.

[తెర మీద: ఫోన్ బ్యాటరీ గుర్తు]

బ్యాటరీ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. రీకాల్ వస్తే బండి లాగేసుకోరు, డబ్బులూ అడగరు. ఆ లోపం వరకు ఉచితంగా బాగు చేసి ఇస్తారు. మన దగ్గర 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించే అధికారం వచ్చింది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, 7 ఏళ్ల లోపు బండ్లకి. మీ ఆర్‌సీ మీద 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ అన్నచోట అది కొట్టి చూడండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఉత్తరమూ మెసేజీ పాత ఓనరుకే పోయి ఉంటాయి.

వాలులో ఆపే పద్ధతి. కాలు బ్రేక్ మీదే ఉంచి 'ఎన్' (న్యూట్రల్), తర్వాత హ్యాండ్‌బ్రేక్, మెల్లగా కాలు తీయండి, బరువు హ్యాండ్‌బ్రేక్ మీదకి వస్తుంది. మళ్లీ బ్రేక్ తొక్కి అప్పుడు 'పి'. గడియ మీద బరువు పడదు, పొద్దున్న తీసేటప్పుడు 'టక్' మనదు. ఏఎంటీ (మామూలు గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతటవే మారే రకం) వాళ్లకి చాలా మోడళ్లలో అసలు 'పి' ఉండదు, వాళ్లకి హ్యాండ్‌బ్రేక్ తప్ప దిక్కులేదు. దాని గురించి వేరే వీడియో చేస్తాను, మీది ఏ మోడలో కింద రాయండి. ర్యాంపు మీదైతే చక్రం వెనక ఒక ఇటుక కూడా పెట్టండి, నామోషీ ఏమీ లేదు. మా బావ ఇప్పుడు డిక్కీలో రెండు ఇటుకలు పెట్టుకు తిరుగుతున్నాడు. మా అమ్మ ఇచ్చింది.