సుడి జాడ తీయడం

అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థి మిత్రులారా,

కాచిన పాలను గ్లాసులో అలాగే వదిలేస్తే చల్లారడానికి చాలాసేపు పడుతుంది. రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు తిరగబోస్తే ఇట్టే తాగే వేడికి వస్తాయి. కేంద్రక సంలీన ప్రయోగాలకు వాడే గారె ఆకారపు యంత్రం టోకమాక్. దాని లోపల ప్లాస్మాకు, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన అతివేడి వాయువుకు, జరుగుతున్నదీ ఇదే. అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచినా, లోపల లేచే చిన్న చిన్న సుడులు వేడిని తోడి గోడ వైపు పోస్తుంటాయి. కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం వల్ల ఎంత వేడి పోవాలో లెక్క కట్టవచ్చు. నిజంగా పోయేది అంతకన్నా చాలా ఎక్కువ. అందుకే ఈ సుడులను కొలవడం నాకు ప్రాణప్రదమైన విషయం.

పెద్ద యంత్రాల నడిబొడ్డున వేడి 10 కోట్ల డిగ్రీలు దాటుతుంది. అక్కడ సుడి వెడల్పు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆయుష్షు సెకనులో లక్షో వంతు. సాంద్రతలో అది తెచ్చే మార్పు ఒక శాతం, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఏ లోహమూ అక్కడ నిలవదు కనుక, తటస్థ డ్యుటీరియం పరమాణువుల పుంజాన్ని లోపలికి పంపుతారు. ప్లాస్మా కణాలు తగిలి ఆ పరమాణువులు ఎర్రగా వెలుగుతాయి. ఆ వెలుగులోని మిణుకులే సాంద్రతలోని హెచ్చుతగ్గులు. మైక్రోవేవ్‌లను పంపి, వెనక్కి వచ్చిన తరంగం దశ, అంటే దాని ఎత్తుపల్లాల స్థానం, ఎలా మారిందో చూడడం ఇంకో దారి.

అంచున వేడి బాగా తక్కువ. అక్కడ సూది పెట్టవచ్చు. సన్నని టంగ్‌స్టన్ తీగ, దాని చుట్టూ సిరామిక్ గొట్టం, బయటికి కొద్ది మిల్లీమీటర్ల మొన: లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అంటే ఇంతే. మొనకు రుణ వోల్టేజీ ఇస్తే అయాన్లు వచ్చి చేరతాయి, కరెంటు పారుతుంది. ఇలాంటి మొనలు రెండింటిని 6 మిల్లీమీటర్ల ఎడంతో పెట్టామనుకోండి. మొదటిదాని కరెంటులో కనిపించిన పొంగు 6 మైక్రోసెకన్ల తర్వాత రెండోదానిలో కనిపిస్తే, సుడి సెకనుకు కిలోమీటరు వేగంతో అటు నడిచిందన్నమాట. ఇంత చిన్న సాధనం ఇంత మాట చెప్పడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

గాంధీనగర్ దగ్గర భాట్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకమాక్ 1989లో పని మొదలుపెట్టింది. అక్కడ ఝా, ప్రెధిమన్ కావ్, వారి సహచరులు 1992లో ప్రచురించిన ఫలితం మన దేశం గర్వించదగ్గది. అంచులోని కల్లోలం ఒకే తీరుగా సాగదని, ఉండి ఉండి విజృంభిస్తుందని వారు చూపారు. యాదృచ్ఛిక హెచ్చుతగ్గులకు గీసే గంట ఆకారపు వక్రరేఖ ఊహించే దానికన్నా పెద్ద పొంగులు ఎక్కువసార్లు వస్తాయి. సగటు మాత్రమే తీసి ఊరుకుంటే ఇది ఎన్నటికీ దొరికేది కాదు. గోడకు తగిలే దెబ్బ ఎక్కువగా ఆ పొంగులదే.

తర్వాత అమెరికాలో, ఎంఐటీలోని ఆల్కేటర్ సి-మాడ్ యంత్రం అంచున కొద్దిగా వాయువు వదిలి, అది వెలుగుతుండగా అతివేగ కెమెరాలతో చిత్రీకరించారు. ప్లాస్మా ముద్దలు ముద్దలుగా తెగి గోడ వైపు సాగిపోవడం అందులో కనిపించింది. ప్రోబ్ గీత మీద నిటారుగా లేచే పొంగులకు ఒక ఆకారం ఉందని, ఒక దిక్కు ఉందని అప్పుడు కళ్లారా చూశాం.