గోడ మూయకముందే తేల్చుకోవలసినవి: కొత్త ఇంట్లో గదిగదికీ సంగీతం, ఆటోమేషన్

సభకు నమస్కారం. బెంగళూరులో స్థిరపడి, ఇక్కడే స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకుంటున్న తెలుగువారు ఈ సభలో ఎక్కువగా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని ఏ స్పీకరు కొనాలి, ఏ యాప్ బాగుంటుంది అనే ప్రశ్నల జోలికి వెళ్ళకుండా, వాటికంటే ముందు తేలవలసిన విషయం మాట్లాడతాను. హాల్లో, వంటింట్లో, పూజగదిలో, మేడమీద ఒకే పాట ఒకేసారి వినిపించాలన్నా, దీపాలూ ఫ్యాన్లూ కర్టెన్లూ కూర్చున్నచోటి నుంచి నడవాలన్నా, ఆ పని బాగా కుదరడం, కుదరకపోవడం స్లాబు వేసే రోజుకూ ప్లాస్టరింగు ముగిసే రోజుకూ మధ్యనే నిర్ణయమైపోతుంది. ఆ తరువాత కొనేవన్నీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వైర్లు వెళ్ళడానికి గోడలో వేసి మూసేసిన పైపును మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

నేను పరికరాల కంటే పైపుల గురించే పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఇల్లు రెండు మూడు తరాలు నిలుస్తుందని కడతాం. ఇంట్లో పెట్టే తెలివైన పరికరాల ఆయుష్షు అంత ఉండదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్, అంటే ఇంట్లోని తెలివైన పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె, ఉండేది. 2014లో నెస్ట్ సంస్థ దాన్ని కొన్నది. 2016 మే నెలలో అది ఆధారపడే సంస్థ కంప్యూటర్లను, అంటే సర్వర్లను, ఆపేయడంతో, కొన్నవారి ఇళ్ళలో ఆ పెట్టె ఉన్నట్టుండి పనికిరాకుండా పోయింది. ఇలాంటి ఇంటి పరికరాలే చేసే ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందుమాట లేకుండా ఆగిపోయాయి. తరువాత కొందరు వినియోగదారులే కలిసి ఆ సంస్థను కొని మళ్ళీ నడిపించుకున్నారు. గదిగదికీ పాటలు పంపడానికి ఎంతోమంది ఇష్టపడ్డ క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019 జనవరిలో ఆగింది. దీనికి భిన్నమైన ఉదాహరణ స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టె. లాజిటెక్ దాన్ని 2012లోనే ఆపేసింది, ఆన్‌లైన్ సేవను 2024లో మూసేసింది. అయినా పాటల సర్వర్ ఇంట్లోని కంప్యూటరులోనే నడిచే ఏర్పాటు మొదటినుంచీ ఉన్నందువల్ల, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఔత్సాహికులు లిరియన్ అనే పేరుతో ఈనాటికీ కాపాడుకొస్తున్నారు. ఇంటి పని ఇంట్లోనే జరిగేటట్టు చూసుకోవాలని, ఇంటర్నెట్ పోయినా స్విచ్ పనిచేయాలని నేను మొండిగా అడిగేది అందుకే.

ఇక కట్టడం సంగతి. మన ఊళ్ళో మామూలుగా కనిపించేది ముప్పై నలభై సైటు, అంటే 30 అడుగులకు 40 అడుగులు, మొత్తం 1200 చదరపు అడుగులు, దాని మీద గ్రౌండ్ ఫ్లోరు, పైన రెండు అంతస్తులు. గోడలు కాంక్రీటు దిమ్మెలు, పైకప్పు ఇనుప చువ్వల స్లాబు. ఇలాంటి ఇంట్లో మొదట ఎంచుకోవలసింది ఒక కేంద్రస్థానం. మెట్ల కింద గానీ, మధ్య అంతస్తులో బట్టల బీరువా పక్కన గానీ, గాలి ఆడే, తడి తగలని, మనిషి నిలబడి పనిచేయగల చోటు ఒకటి కావాలి. ఇంటర్నెట్ తీగ, రూటరు, స్పీకర్లను నడిపే ఆంప్లిఫయరు, ఆటోమేషన్ కంట్రోలరు అన్నీ అక్కడికే చేరతాయి. అటక మీద పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఎండాకాలంలో పై స్లాబు కింద ఉండే వేడి ఈ పరికరాలకు మంచిది కాదు, నిచ్చెన ఎక్కి చూడవలసిన చోటును ఎవరూ సరిగా చూసుకోరు కూడా.

ఆ కేంద్రం నుంచి ప్రతి గదికీ విడివిడిగా 25 ఎం.ఎం. పైపు వెళ్ళాలి. కరెంటు వైర్లు వెళ్ళే పైపులోనే స్పీకరు వైరునూ నెట్‌వర్కు కేబులునూ దూర్చడం ఖర్చు తగ్గించినట్టు కనిపిస్తుంది గానీ, ప్రమాదం, ఆపైన స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం. 230 వోల్టుల వైరూ ఈ వైర్లూ పక్కపక్కనే చాలా దూరం నడవకూడదు. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబంగా దాటాలి. మెలికలు తక్కువగా ఉండాలి. రెండు వంపులు దాటితే మధ్యలో ఒక జంక్షన్ బాక్సు పెట్టించండి, లేకపోతే తరువాత కొత్త కేబులు లాగేటప్పుడు అది కదలదు.

రామమూర్తినగర్ వైపు ఒక ఇంట్లో స్లాబులో పైపులన్నీ చక్కగా వేసి ఉన్నాయి, డ్రాయింగూ ఉంది. కానీ స్లాబు పోసే రోజున పైపుల మూతులు ఎవరూ మూయలేదు. సిమెంటు పాలు లోపలికి దిగి గడ్డకట్టాయి. ఎలక్ట్రీషియన్ స్ప్రింగు తీగ తోస్తే ఒకటిన్నర మీటర్ల దగ్గర ఠక్కున ఆగింది. ఎంత తోసినా ఆ చప్పుడు తప్ప ముందుకు జరగలేదు. పెద్దాయన, ఆ ఇంటి యజమాని, పైపు చివర చెవి ఆనించి విని, ‘నాయనా, ఇది ఇంక రాదులే’ అన్నారు. ఆ గదికి గోడమీదుగా పట్టీ వేసి వైరు తీసుకెళ్ళక తప్పలేదు. పైసలతో పోయే మూతలు అవి. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం మీరే స్వయంగా వెళ్ళి ప్రతి పైపు మూతినీ చేత్తో తడిమి చూడండి, తరువాత కేబులు లాగడానికి లోపల లాగుడు తీగ ఉందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు సంగీతం. గదిగదికీ పాట పంపడానికి రెండు దారులున్నాయి. ఆంప్లిఫయర్లన్నీ కేంద్రంలో ఉంచి స్పీకరు వైర్లు మాత్రమే గదులకు తీసుకెళ్ళడం ఒకటి. ప్రతి గదిలోనూ సొంత ఆంప్లిఫయరు ఉన్న వైఫై స్పీకరు పెట్టడం రెండోది. రెండోదానికి గోడలో పని తక్కువ, కానీ ప్రతి స్పీకరుకూ ఒక ప్లగ్గు, ఒక సాఫ్ట్‌వేర్, ఒక ఆయుష్షు. మొదటిదానిలో స్పీకరు అనేది శంకువూ అయస్కాంతమూ తప్ప ఏమీ లేని వస్తువు. ఇరవై ఏళ్ళయినా పాతబడదు. సొంత ఇల్లు కట్టుకునేవారికి నేను మొదటి దారినే చెబుతాను.

ఆ దారిలో వైరు మందం లెక్క చూసుకోవాలి. గ్రౌండ్ ఫ్లోరు నుంచి రెండో అంతస్తు గదికి, పైపు తిరిగే మలుపులతో కలిపి, 25 మీటర్లు పడుతుందనుకుందాం. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి రాగి తీగ పొడవు 50 మీటర్లు. 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓముల నిరోధం ఉంటుంది, అంటే ఈ 50 మీటర్లకు 0.6 ఓము. స్పీకరు 8 ఓములదైతే ఇది దానిలో 7.5 శాతం. వైరు నిరోధం 5 శాతం లోపు ఉంచడం మంచి పద్ధతి. 2.5 స్క్వేర్ ఎం.ఎం. తీగ వేస్తే నిరోధం 0.37 ఓముకు దిగి 5 శాతం లోపలికి వస్తుంది. అదే 4 ఓముల స్పీకరు పెడితే ఆ మందం కూడా చాలదు. కాబట్టి దూరపు గదులకు 8 ఓముల స్పీకర్లు ఎంచుకోండి, అసలు రాగి కొనండి; రాగి పూత వేసిన అల్యూమినియం తీగ ఎస్.పి. రోడ్డులో చవగ్గా దొరుకుతుంది గానీ దానికి ఈ లెక్క వర్తించదు, దాని నిరోధం ఇంకా ఎక్కువ.

గదుల మధ్య పొందిక మరో విషయం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. హాల్లో స్పీకరు కంటే వంటింట్లో స్పీకరు 30 మిల్లీసెకన్లు వెనకబడిందంటే, అది 10 మీటర్ల దూరం జరిగినట్టే. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడితే భజనలో వెనక వరుస తాళం తప్పి అందుకున్నట్టు వినిపిస్తుంది. మృదంగం దెబ్బ రెండుగా చీలిపోతుంది. విడివిడి బ్లూటూత్ స్పీకర్లతో ఈ పొందిక కుదరదు, ఒక్కొక్కదాని ఆలస్యం ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి. కేంద్ర ఆంప్లిఫయరు అయితే ఈ సమస్యే లేదు. వైఫై స్పీకర్లే కావాలనుకుంటే, అన్నీ ఒకే పద్ధతిలో కాలాన్ని సరిచూసుకునేవి తీసుకోండి. రెండు కంపెనీలవి కలపకండి.

గది సంగతి ఎవరూ అడగరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. గచ్చు మీద విట్రిఫైడ్ టైల్సు లేదా గ్రానైటు, నున్నటి గోడలు, పెద్ద అద్దాల కిటికీలు మన కొత్త ఇళ్ళ తీరు. ధ్వని వీటి మీద పడి తిరిగి వస్తూనే ఉంటుంది. వాలెస్ సబైన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే ధ్వని పరిమాణంతో భాగిస్తే ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో వస్తుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ గదిలో గోడలూ నేలా కప్పూ కలిపి 94 చదరపు మీటర్లు. అవి పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయనుకుంటే, పీల్చుకునే పరిమాణం సుమారు 2.8 చదరపు మీటర్లు, ఆ లెక్కన ప్రతిధ్వని 3.4 సెకన్లు నిలుస్తుంది. ఆ గదిలో వీణ మీటితే గమకం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. అదే గదిలో దళసరి కర్టెన్లు, తివాచీ, గుడ్డ సోఫా, పుస్తకాల బీరువా చేరి పీల్చుకునే పరిమాణం 14 చదరపు మీటర్లయితే, ప్రతిధ్వని 0.7 సెకనుకు తగ్గుతుంది. ఖరీదైన స్పీకరుకు ఖర్చు పెట్టబోయే డబ్బులో కొంత తీసి కర్టెన్లకు పెట్టమని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అలాగే ప్రతి గదికీ స్పీకర్లు అక్కర్లేదు. పడకగదిలో, పిల్లలు చదువుకునే గదిలో పైపు వేసి ఊరుకోండి. పూజగదిలో ఒకటి చాలు, తెల్లవారుజామున స్తోత్రం మెల్లగా వినిపిస్తే సరిపోతుంది. మన శబ్ద కాలుష్య నిబంధనలు, 2000లో వచ్చినవి, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. ముప్పై నలభై సైటులో పక్కింటి కిటికీ ఎంత దగ్గరో మీకు తెలుసు. మేడమీద స్పీకరు పెట్టేవారు దాని ముఖం ఏ వైపు ఉండాలో ముందే ఆలోచించండి.

నెట్‌వర్కు గురించి క్లుప్తంగా. స్లాబులోని ఇనుపచువ్వలూ కాంక్రీటూ దాటి వైఫై పై అంతస్తుకు సరిగా చేరదు. రిపీటర్లు కొని కష్టపడేకంటే, ప్రతి అంతస్తు కప్పుకూ కేంద్రం నుంచి ఒక క్యాట్-6 నెట్‌వర్కు కేబులు వేయించి, ఆ కేబులు మీదుగానే కరెంటు తీసుకుని ఆ అంతస్తుకు వైఫై అందించే యాక్సెస్ పాయింటు బిగించండి. టీవీ వెనక రెండు కేబుళ్ళు, గేటు దగ్గర ఒకటి తప్పనిసరి.

స్విచ్‌ల దగ్గరకు వద్దాం. స్విచ్ వెనక దాగి, ఫోను నుంచి కూడా దీపాన్ని నడిపే చిన్న ఆటోమేషన్ మాడ్యూలుకు న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, కావాలి. సాకెట్టు ఉన్న బోర్డుల్లో అది ఉంటుంది. మెట్ల దగ్గర, మంచం పక్కన, ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచి వెలిగించడానికి పెట్టే టూవే స్విచ్‌లలో చాలాసార్లు ఉండదు. ప్రతి బోర్డుకూ న్యూట్రల్ తీసుకురమ్మని ఎలక్ట్రీషియన్‌కు కాగితం మీద రాసివ్వండి. బోర్డు బాక్సు లోతైనది పెట్టించండి. ఇనుప బాక్సులో మాడ్యూలు రేడియో సంకేతం బలహీనపడుతుంది కాబట్టి ప్లాస్టిక్ బాక్సు మేలు. ఈమధ్య అందరూ పెట్టుకుంటున్న బి.ఎల్.డి.సి. ఫ్యాన్లకు, అంటే తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం ఫ్యాన్లకు, మామూలు గోడ రెగ్యులేటరు వాడకూడదు. వాటి వేగాన్ని వాటి రిమోట్ ద్వారానో యాప్ ద్వారానో మార్చాలి. రంగులు మారే బల్బుల మోజు కంటే, మామూలు బల్బూ తెలివైన స్విచ్చూ మంచివి. బల్బు తెలివైనదైతే ఎవరో అలవాటుగా గోడ స్విచ్ ఆర్పేస్తారు, దాంతో అది మూగబోతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, ఫోను ముట్టుకోకుండా, ఎవరినీ అడగకుండా, గోడ మీద చెయ్యి పెడితే దీపం వెలగాలి. అలా వెలగని ఇంటిని తెలివైన ఇల్లు అనలేను.

పిల్లలు అమెరికా నుంచి పంపే పరికరాల గురించి ఒక మాట చెప్పాలి. అక్కడి స్విచ్‌లు 120 వోల్టులకు చేసినవి, మన బాక్సుల్లో పట్టవు. జడ్-వేవ్ అనే రేడియో పద్ధతిలో నడిచే పరికరాలైతే అక్కడ 908 మెగాహెర్ట్జ్ దగ్గర, మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుకుంటాయి; ఒకదానికొకటి వినబడవు. అలాంటివే అయిన జిగ్‌బీ, థ్రెడ్ పద్ధతులు రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు గానీ, వైఫై కూడా అక్కడే ఉంటుంది, చానల్ ఎంపిక చూసుకోవాలి. 2022 అక్టోబరులో వచ్చిన మేటర్ ప్రమాణం వేరువేరు కంపెనీల పరికరాలను ఇంట్లోనే కలిపి నడిపించడానికి ఉద్దేశించింది. కొత్తగా కొనేవారు ఆ గుర్తు చూసి కొనండి. పూర్తిగా వైరు మీదే నడవాలనుకునే పెద్ద ఇళ్ళకు కె.ఎన్.ఎక్స్. అనే ఆటోమేషన్ ప్రమాణం ఉంది. అందులో ప్రతి పరికరం తన ప్రోగ్రామును తనలోనే ఉంచుకుంటుంది, ఒకటి చెడిపోతే సాధారణంగా తక్కినవి ఆగవు. ఖర్చు ఎక్కువ, పైగా పైపుల దశలోనే నిర్ణయించుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పడే ఉరుముల వాన బెంగళూరుకు మామూలే. మెయిన్ బోర్డులో వోల్టేజి ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టరు, సరైన ఎర్తింగు లేకుండా ఈ పరికరాలేవీ బిగించకండి. రూటరు, కంట్రోలరు, నెట్‌వర్కు స్విచ్ ఈ మూడింటినీ చిన్న యు.పి.ఎస్. మీద ఉంచండి. కరెంటు పోయి అర్ధరాత్రి తిరిగి వచ్చినప్పుడు దీపాలు ఏ స్థితిలో ఉండాలో సెట్టింగులో ముందే చెప్పిపెట్టండి, లేకపోతే ఇల్లంతా ఒక్కసారిగా వెలుగుతుంది.

చివరిగా కాగితాల పని. ప్లాస్టరింగు మొదలయ్యే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, కొలత కనిపించేటట్టు ఫోటోలు తీయండి. ప్రతి కేబులుకూ రెండు చివర్లా తెలుగులోనో ఇంగ్లీషులోనో చీటీ కట్టండి. ఆటోమేషన్ పెట్టిన మనిషి నుంచి అడ్మిన్ పాస్‌వర్డులు, కాన్ఫిగరేషన్ బ్యాకప్ మీ చేతికి రాకముందు ఆఖరి చెల్లింపు చేయకండి. ఇవన్నీ ఇంటి దస్తావేజుల ఫైలులోనే పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి అది ఎక్కడుందో తెలియాలి.

ప్లాన్ కాగితాలు తెచ్చినవారు ఇప్పుడు ముందుకు రండి. స్లాబు ఇంకా పోయనివారిని మొదట పిలుస్తాను, వారికి మార్చుకోవడానికి ఇంకా వీలుంది. ప్లాస్టరింగు జరుగుతున్నవారు ఆ తరువాత రండి. బోర్డులకు న్యూట్రల్ ఉందో లేదో డ్రాయింగులోనే కలిసి చూద్దాం.