అధ్యక్షా, ఆ రూలు మీక్కూడా వర్తిస్తుందా?

(స్టూడియోలో ముగ్గురు: సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది, మాజీ ఎమ్మెల్యే, చాలాకాలంగా అసెంబ్లీ సమావేశాలు కవర్ చేస్తున్న జర్నలిస్టు)

యాంకర్: నమస్కారం. బయట ప్రెస్‌మీట్‌లో అంటే పరువు నష్టం దావా పడే మాటని ఎమ్మెల్యేనో ఎంపీనో చట్టసభలో అంటే ఎవరూ కోర్టుకి లాగలేరు. అంటే సభ గుమ్మం దగ్గర చట్టం ఆగిపోతుందా? లాయర్ గారూ, మీతో మొదలుపెడదాం.

న్యాయవాది: ఆగిపోదండి. మన తెలుగాయన పేరు మీదే ఒక కేసుంది, అది చెప్తాను. 1969 మార్చిలో పాట్నాలో పూరీ శంకరాచార్య అంటరానితనాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. ఏప్రిల్‌లో లోక్‌సభలో దాని మీద చర్చ జరిగింది, సభ్యులు ఆయన్ని గట్టిగానే దులిపేశారు. ఆయన శిష్యులు ఢిల్లీ హైకోర్టులో నష్టపరిహారం దావా వేశారు. ప్రతివాదుల్లో మొదటి పేరు అప్పటి స్పీకర్ నీలం సంజీవరెడ్డిది.

యాంకర్: స్పీకర్ మీదే దావానా!

న్యాయవాది: ఆయనతో పాటు హోంమంత్రి చవాన్, ఇంకొందరు ఎంపీలు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో తీర్పొచ్చింది. సభ నడుస్తోందా, ఆ మాట సభ పనిలో భాగంగా వచ్చిందా, ఈ రెండే చూస్తాం, ఆ తర్వాత ఎవరేమన్నా మాకు సంబంధం లేదన్నారు. కానీ అదే తీర్పులో ఇంకో మాటుంది, దాన్ని ఎవరూ గుర్తుచెయ్యరు. సభ్యుడిని అదుపులో పెట్టాల్సింది సభ నియమాలు, సభ్యుల ఇంగితం, స్పీకర్ అజమాయిషీ అన్నారు. రాజ్యాంగం 105వ అధికరణలో కూడా ఎంపీల వాక్ స్వాతంత్య్రాన్ని నియమాలకి లోబడే ఇచ్చారు.

మాజీ ఎమ్మెల్యే: మేము మొదట్నించీ చెప్పేదదే కదా సార్. సభ సంగతి సభ చూసుకుంటుంది. ప్రతిదానికీ కోర్టు తలుపు తడితే ఇక ఎన్నికలెందుకు, జడ్జిల చేతే చట్టాలు చేయించుకోవచ్చు.

యాంకర్: మాట వరకూ సరే. ఓటుకి డబ్బు తీసుకుంటే? అదీ సభ సంగతేనా?

మాజీ ఎమ్మెల్యే: నేనలా అన్లేదు.

న్యాయవాది: మీరన్లేదు గానీ సుప్రీంకోర్టే ఒకప్పుడు దాదాపుగా అలా అంది. 1993 జూలై 28. పీవీ నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం. కాంగ్రెస్‌కి మెజారిటీకి 14 మంది తక్కువ. ఓటింగ్‌లో తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం నిలబడింది. తర్వాత, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు కొందరు, జనతాదళ్ వైపు నుంచి ఇంకొందరు డబ్బు పుచ్చుకున్నారని సీబీఐ కేసు.

మాజీ ఎమ్మెల్యే: పీవీ గారిని హైకోర్టు నిర్దోషిగా తేల్చింది. అది కూడా చెప్పండి.

న్యాయవాది: చెప్తున్నానండీ. 2000లో ప్రత్యేక కోర్టు ఆయనకీ కాంగ్రెస్ నేత బూటాసింగ్‌కీ శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కానీ నేను మాట్లాడేది 1998 తీర్పు గురించి. ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు ఏమన్నారంటే, డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీకి రాజ్యాంగ రక్షణ ఉంటుంది. ఓటు వెయ్యని జనతాదళ్ చీలిక వర్గం నేత అజిత్ సింగ్‌కి మాత్రం ఉండదు. అంటే లంచం తీసుకున్నవాడు చెప్పిన పని చేసి పెడితే సేఫ్, చెయ్యకపోతే నేరస్థుడు! లంచం ఇచ్చినవాళ్లకీ రక్షణ లేదు.

జర్నలిస్టు: ఇలాంటి తర్కాన్ని సరిదిద్దుకోడానికి 26 ఏళ్లు పట్టింది.

న్యాయవాది: అవును, 2024 మార్చి 4న. ఆ కేసూ ఆ ఇంటి నుంచే వచ్చింది. 1993 ఎంపీల్లో ఒకరైన శిబూ సోరెన్ పెద్దకోడలు సీతా సోరెన్. 2012లో జార్ఖండ్ రాజ్యసభ ఎన్నికలో డబ్బు తీసుకున్నారని ఆరోపణ. మామగారి కేసులో వచ్చిన తీర్పే నాకూ వర్తిస్తుందని ఆమె వాదించారు. ఏడుగురు జడ్జిలు ఏకగ్రీవంగా కాదన్నారు. డబ్బు చేతిలో పడగానే నేరం పూర్తయింది, ఆ తర్వాత ఎటు ఓటేశారు, అసలు వేశారా లేదా అన్నది అనవసరం.

మాజీ ఎమ్మెల్యే: తీర్పు మంచిదే, నేను కాదనను. కానీ ఒక భయముంది. రేపు ప్రతిపక్ష ఎమ్మెల్యే గట్టిగా మాట్లాడితే, ‘ఎవడో డబ్బిచ్చి మాట్లాడించాడు’ అని ఏసీబీని పంపరా? 1998లో ఆ ముగ్గురు జడ్జిలు భయపడింది కూడా దీనికే.

న్యాయవాది: ఆ భయం ఉత్తదేం కాదు. కానీ తప్పుడు కేసు పెడితే దాన్ని కొట్టేయించుకోడానికి కోర్టుంది. నిజమైన లంచానికి మినహాయింపు ఇవ్వడం దానికి మందు కాదు.

యాంకర్: సరే, డబ్బు సంగతి తేలింది. మేడమ్, మీరు గ్యాలరీలోంచి రోజూ చూస్తారు. సభ సంగతి సభ చూసుకుంటుందని సార్ అంటున్నారు. చూసుకుంటోందా?

జర్నలిస్టు: తనకి నచ్చినట్టు చూసుకుంటోంది. 2015 డిసెంబర్ గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కాల్‌మనీ వడ్డీ దందా మీద గొడవ. ప్రతిపక్ష ఎమ్మెల్యే రోజా గారిని ఏడాది సస్పెండ్ చేశారు. తీర్మానంలో చెప్పింది 340వ నిబంధన. తీసి చదివితే, సస్పెన్షన్ మిగిలిన సమావేశాల వరకే. ఏడాది అని ఎక్కడా లేదు.

మాజీ ఎమ్మెల్యే: సభ తీర్మానం చేసింది. సభ సార్వభౌమ...

జర్నలిస్టు: ఒక్క నిమిషం సార్. 2016 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ సస్పెన్షన్‌ని నిలిపేశారు. ఆమె ఆర్డర్ తీసుకుని వచ్చారు, మార్షల్స్ లోపలికి పోనివ్వలేదు. కొద్ది రోజుల్లోనే డివిజన్ బెంచ్ ఆ ఆర్డర్‌ని పక్కన పెట్టేసింది. ఆమె ఏమన్నారు, అది తప్పా కాదా అన్నది వేరే గొడవ. నేనడిగేది, రూలు పుస్తకంలో లేని శిక్ష ఎక్కణ్ణుంచి వచ్చింది అని. అప్పుడు అధికారంలో ఎవరున్నారన్నది కూడా నాకు ముఖ్యం కాదు. పార్టీలు మారాయి, ఈ అలవాటు మారలేదు.

న్యాయవాది: ఇదే ప్రశ్న మహారాష్ట్ర నుంచి సుప్రీంకోర్టుకి వచ్చింది. 2021 జూలైలో 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలని ఏడాది సస్పెండ్ చేశారు. 2022 జనవరిలో కోర్టు కొట్టేసింది. బహిష్కరిస్తే సీటు ఖాళీ అయి ఆరు నెలల్లో ఉప ఎన్నిక వస్తుంది, ఏడాది సస్పెన్షన్‌లో సీటు ఖాళీ కాదు, సభలో మనిషీ ఉండడు, ఇది బహిష్కరణ కంటే అన్యాయం అంది. 212వ అధికరణ ప్రకారం కోర్టు చూడకూడనిది సభ పద్ధతిలో దొర్లిన లోపాన్ని. చట్టవిరుద్ధమైన పనిని చూడొచ్చు.

మాజీ ఎమ్మెల్యే: (నవ్వుతూ) రెండుసార్లు నేనూ సస్పెండయ్యాను. మొదటిసారి ఏ నిబంధన కిందో నాకిప్పటికీ తెలీదు. పోడియం దగ్గరికి వెళ్లిన మాట నిజమే.

యాంకర్: మరి ‘రికార్డుల నుంచి తొలగిస్తున్నాం’ అనే మాట? ఇప్పుడంతా లైవ్ కదా.

జర్నలిస్టు: మాకు ఎక్కువ టెన్షన్ దాంతోనే. లోక్‌సభలో 380వ నిబంధన ఉంది. పరువు తీసేవి, అసభ్యమైనవి, సభా మర్యాదకి తగనివి తొలగించొచ్చు. ఈ లోపే క్లిప్పు ఊరంతా తిరిగేస్తుంది. తొలగించిన మాటని పేపర్లో వేస్తే ఆ రిపోర్టర్‌కి, సభలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తే కేసు పడకుండా కాపాడే 361ఏ అధికరణ రక్షణ దొరకడం కష్టం. మాటన్న సభ్యుడు మాత్రం క్షేమం.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్కటే మార్చమంటే ఏం మారుస్తారు?

న్యాయవాది: స్పీకర్ ఇచ్చే ప్రతి సస్పెన్షన్, ప్రతి తొలగింపు రాతపూర్వకంగా ఉండాలి. ఏ నిబంధన, ఏ కారణం, అదే రోజు సభ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మున్సిపాలిటీ ఒక షాపు మూసేయాలన్నా నోటీసివ్వాలి. ఎమ్మెల్యేని బయటికి పంపడానికి మూజువాణీ ఓటు సరిపోతోంది.

జర్నలిస్టు: నాదీ అదే. కారణం రాయాల్సి వస్తే చెయ్యి కాస్త ఆగుతుంది.

మాజీ ఎమ్మెల్యే: రాతపూర్వకంగా అంటే నేనూ ఒప్పుకుంటా. కానీ రాసిందాన్ని కోర్టులో చూపించి కొట్టేయించుకుంటామంటే ఒప్పుకోను. సభే నియమాల కమిటీలో చూసుకోవాలి.

న్యాయవాది: ఆ కమిటీకి చైర్మన్ ఎవరు?

మాజీ ఎమ్మెల్యే: స్పీకరే.

న్యాయవాది: అదండీ.

యాంకర్: ఇక్కడితో ఆపుదాం. ముగ్గురికీ ధన్యవాదాలు.