గుప్పెడు గింజల మాట

శ్రోతలందరికీ నమస్కారం.

ఇప్పుడు నా గొంతు మీ దాకా వస్తున్న పద్ధతికి ఇంగ్లీషులో బ్రాడ్‌కాస్ట్ అని పేరు. రేడియోలో పనిచేసేవాళ్లం ఈ మాటను రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్క లేదు. స్టూడియోలు, యంత్రాలు, ఆకాశాన్ని తాకే టవర్లు వచ్చాక పుట్టిన మాట కాబోలు అని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. అది పొలంలో పుట్టింది.

బ్రాడ్ అంటే వెడల్పు. కాస్ట్ అంటే విసరడం, విసిరినది. రెంటినీ కలిపితే నలుదిక్కులా పడేటట్టు విసిరినది అని అర్థం. విసిరింది ఏమిటంటే, విత్తనం. 1760ల నాటి ఇంగ్లీషు వ్యవసాయ రచనల్లో ఈ మాట ఆ అర్థంలోనే కనిపిస్తుంది. సాళ్లలో కాకుండా, నేలంతా పడేలా చేత్తో చల్లిన గింజ అది.

ఆ చల్లడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా తాతయ్య నారుమడి చల్లుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాడిని. వడ్లను ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనెసంచిలోకి ఎత్తి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి మండె కట్టేవారు. మర్నాడు సంచి మూతి విప్పితే లోపలినుంచి వెచ్చటి ఆవిరి వచ్చేది. ప్రతి గింజకూ తెల్లగా, సూదిమొనంత మొలక కనిపించేది. తాతయ్య ఆ గింజలను పైపంచె ఒడిలో పోసుకుని, దమ్ము చేసి చదును చేసిన మడిలోకి దిగేవారు. అడుగుకు ఒక గుప్పెడు. చెయ్యి ఒడిలోంచి లేచి అర్ధచంద్రాకారంగా తిరిగేది. గింజలు వేళ్ల సందుల్లోంచి పలచగా జారేవి. పలచటి నీటి మీద అవి పడుతుంటే చిన్న జల్లు కురిసిన చప్పుడు వినిపించేది. ఒకసారి తూర్పు పడమరలుగా, మళ్లీ ఉత్తర దక్షిణాలుగా నడిచేవారు. గాలి లేస్తే ఆగి, గట్టెక్కి, అది పడిపోయే దాకా కూర్చునేవారు. నేనూ చల్లుతానని మారాం చేస్తే ఒక గుప్పెడు నా చేతిలో పెట్టి, "చెయ్యి వంక చూడకురా, మడి వంక చూడు" అన్నారు. నేను చల్లిన చోట నారు గుంపులు గుంపులుగా మొలిచింది.

ఈ పనికి తెలుగులో ఉన్న మాట వెదజల్లడం. వెద అంటే విత్తనం, విత్తడం. చల్లడం తెలిసిందే. వెద, చల్లు కలిసి వెదజల్లు అయింది. గింజను ఎంత దూరం విసరాలో తెలిసిన రెండు జాతులు, ఒకదాని గురించి ఒకటి వినకుండానే, దాదాపు ఒకే మాట కట్టుకున్నాయి! నాకిది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరించే విషయం. మన మాట కూడా పొలం గట్టు దాటి వచ్చింది. మల్లెలు పరిమళాలు వెదజల్లుతాయి, దీపాలు వెలుగులు వెదజల్లుతాయి. అలా రాసే చాలామందికి ఆ మాటలో వడ్లగింజ ఉందన్న సంగతి గుర్తుండదు. అయితే వరి నాట్లకు బదులు నేరుగా విత్తనం చల్లే సాగు గురించి వ్యవసాయ అధికారులు చెప్పేటప్పుడు మాత్రం వెదజల్లే పద్ధతి అనే అంటున్నారు. అక్కడ ఆ మాట తన పుట్టింట్లోనే ఉంది.

విత్తడానికి ఒకే దారి ఉన్నంతకాలం దానికి వేరే పేరు అవసరం లేదు. రెండో దారి వచ్చినప్పుడే మొదటిదానికీ పేరు కావాలి. ఇంగ్లండులో జెత్రో టల్ అనే వ్యవసాయదారుడు 1701లో గుర్రం లాగే విత్తన యంత్రాన్ని తయారుచేశాడు. చేత్తో చల్లితే గింజ దండగ, కలుపు తీయడం కష్టం అని ఆయన వాదన. గింజ సాలులో పడాలన్నాడు. మన రైతుకు ఇది కొత్త కాదు. మన గొర్రు చేసే పని అదే. పైన జడ్డిగం అనే చెక్క గిన్నె, దాని అడుగునుంచి వెదురు గొట్టాలు, వాటి కొసన నేలను చీల్చే పళ్లు. ఎడ్లు నడుస్తుంటే ఒకరు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదులుతారు. సాలుకింత చొప్పున అవి నేలలోకి జారిపోతాయి. కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు అధికారి 1790లలో దక్షిణ భారతదేశంలో ఇది చూసి, ఇలాంటి పనిముట్టు ఐరోపావారి కొత్త ఆవిష్కారం అనుకున్నానని, ఇక్కడ ఎంతో కాలంగా వాడుకలో ఉందని తెలుసుకున్నానని రాశాడు. మనకు రెండు పద్ధతులూ ఉన్నాయి, రెంటికీ పేర్లూ ఉన్నాయి. గొర్రుతో అయితే వెదపెట్టడం, చేత్తో అయితే వెదజల్లడం.

మరి పొలంలోని మాట గాలిలోకి ఎలా ఎక్కింది? తొలినాళ్లలో వైర్‌లెస్ అంటే తీగలు లేని టెలిగ్రాఫు. ఒక ఓడనుంచి ఇంకో ఓడకు, ఓడనుంచి రేవుకు కబురు పంపే సాధనం. ఇద్దరి మధ్య నడిచే ఆ కబురును దారిన పోయే ఎవరైనా వినగలగడం అప్పట్లో పెద్ద లోపం. రహస్యం నిలవదు కదా! తర్వాత కొందరు దీన్ని తిరగేసి చూశారు. అందరికీ వినబడితే మంచిదే కదా, అందరి కోసమే మాట్లాడితే పోలేదా అనుకున్నారు. 1920 నవంబరు 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌నుంచి కేడీకేఏ అనే స్టేషను అధ్యక్ష ఎన్నికల ఫలితాలను చదివింది. ఎవరి పేరుమీదా పంపని వార్త అది. సెట్టు ఉన్న ప్రతివారిదీ. ఆ పనికి పేరు కావలసివచ్చినప్పుడు పాత విత్తనాల మాట చేతికి అందింది. 1922లో లండనులో పుట్టిన బీబీసీ పేరులో నడిమి అక్షరం అదే. 1927 జూలై 23న బొంబాయిలో ప్రసారాలు మొదలుపెట్టిన సంస్థకు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అని పేరు. ఆ తేదీనే మనం జాతీయ ప్రసార దినోత్సవం జరుపుకుంటున్నాం.

వాడుక సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లీషులో వ్యాప్తిని చెప్పడానికి స్ప్రెడ్ అనే పెద్ద మాట ఉంది. నూనె నీటి మీద పాకినా, జ్వరం ఊరంతా సోకినా, దుప్పటి పరిచినా, రొట్టెకు వెన్న రాసినా, పుకారు పొక్కినా ఆ మాటే వాడతారు. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో క్రియ ఉంది, ఒకటి ఇంకోచోట ఇమడదు. పొగమంచు అలుముకుంటుంది, తీగ అల్లుకుంటుంది, వాసన గుప్పుమంటుంది. వీటిలో చాలావరకు వాటంతట అవే జరిగేవి. బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. దాని వెనక ఎప్పుడూ ఒక చెయ్యి ఉంటుంది, ఒక విసురు ఉంటుంది. విసిరిన తర్వాత ఆ చేతికి అధికారం ఉండదు. అందుకే జబ్బు బ్రాడ్‌కాస్ట్ అయిందని ఎవరూ అనరు. ఫోనులో మనం ఎంచుకున్న యాభైమందికి ఒకేసారి సందేశం పంపే సదుపాయానికీ ఈ పేరు పెట్టారు. నాకు అది సరిపోయిందనిపించదు. గింజ ఎవరి గడపలో పడాలో ముందే రాసిపెట్టుకుంటే అది చల్లడం కాదు, పంచడం.

భూతకాలంలో దీన్ని ఎలా వాడాలని విద్యార్థులు అడుగుతుంటారు. కాస్ట్ అనే క్రియ మూడు రూపాల్లోనూ కాస్ట్ గానే ఉంటుంది కనుక బ్రాడ్‌కాస్ట్ కూడా మారకుండా ఉండటమే మేలైన వాడుక. చివర ఎడ్ చేర్చిన రూపం నిఘంటువుల్లో ఉంది, తప్పు కాదు. ఫోర్‌కాస్ట్ విషయమూ ఇంతే. ఇక ఈ మాటకు పుట్టిన పిల్లలు చాలామంది. టీవీ వచ్చాక టెలికాస్ట్, 2004లో ఐపాడ్ పేరుతో కలిసి పాడ్‌కాస్ట్. విసరడం అన్న ఒక్క ముక్కే మిగిలి, బ్రాడ్ రాలిపోయింది.

మనం మాత్రం రేడియోకు వెదజల్లడాన్ని తీసుకోలేదు, ప్రసారం అన్నాం. సంస్కృతంలో సృ అంటే కదలడం, పారడం. సరిత్తు అంటే నది, అదే ధాతువునుంచి వచ్చింది. కాబట్టి ప్రసారం అంటే ముందుకు పారేది. గింజ పోయి నీరు వచ్చింది. ప్రసారాన్ని, ప్రచారాన్ని తారుమారు చేయడం ఈ మధ్య తరచుగా వింటున్నాను. ప్రచారంలో ఉన్నది చర్, అంటే నడవడం. కాళ్లతో ఊరూరా తిరిగి చెప్పేది ప్రచారం. ఎన్నికల ప్రచారం ప్రసారమైంది అంటే రెండూ సరిగ్గా కుదిరినట్టు.

ఆకాశవాణి అన్న పేరు మైసూరుది. 1935లో అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎం.వి. గోపాలస్వామి తమ ఇంట్లో నడిపిన చిన్న స్టేషనుకు పెట్టుకున్నారు, తర్వాత అది దేశమంతటికీ పేరైంది. పురాణాల్లో ఆకాశవాణి ఎక్కువగా ఒకరికోసమే పలుకుతుంది. దేవకీవసుదేవుల రథం తోలుతున్న కంసుడికి వినిపించింది అతడి మృత్యువు గురించిన కబురు. మన ఆకాశవాణి ఎవరినీ పేరు పెట్టి పిలవదు. అంట్లు తోముకుంటున్నవారికీ, లారీ నడుపుతున్నవారికీ, మంచం పట్టినవారికీ ఒకే మాట వినిపిస్తుంది.

చివరగా ఒక వరి సంగతి. 1960లలో తంజావూరు ప్రాంతానికి ఆడుదురై 27 అనే కొత్త వంగడం వచ్చింది. దాని గురించి, దాన్ని పండించే తీరు గురించి రేడియో వ్యవసాయ కార్యక్రమాల్లో మళ్లీ మళ్లీ చెప్పారు. రైతులు విన్నారు, విత్తనం తెచ్చుకున్నారు, నారు పోశారు. ఆడుదురై 27 అన్న పేరు వాళ్ల నోళ్లలో నిలవలేదు. ఆ వడ్లను వాళ్లు రేడియో వరి అని పిలుచుకున్నారు.