‘దణ్ణం పెట్టు’ అనకండి

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. వృద్ధుల పోషణ చట్టం గురించి చెప్పమన్నారు. చెబుతాను. అయితే వెనక వరసల్లో ఉన్న నలభై ఏళ్ళ పిల్లల కోసం చెబుతాను. చిన్నప్పుడే వదిలేసి వెళ్ళిన తండ్రి అర్జీ పెట్టాడని ఆర్డీవో ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఏం చెయ్యాలి?

2007 చట్టం తల్లిదండ్రుల్ని పిల్లలు పోషించాలంటుంది. వాళ్ళు మిమ్మల్ని పెంచారా అని అడగదు. సింగపూరు 1995లో తెచ్చుకున్న చట్టం అడుగుతుంది. బిడ్డను వదిలేశారనో, హింసించారనో తేలితే అక్కడ ట్రిబ్యునల్ భరణం తగ్గించొచ్చు, అర్జీ కొట్టేయనూ వచ్చు. మనవాళ్ళు ఆ ఒక్క ముక్క రాయలేదు.

కాబట్టి నోటీసు చింపెయ్యకండి. కావాలని వెళ్ళకపోతే మీరు లేకుండానే విచారించి ఉత్తర్వు వేస్తారు. జవాబులో మీ జీతం, అప్పులు, మీ మీద ఆధారపడ్డవాళ్ళ వివరాలు రాయండి. ఆయనకు పొలం, ఇల్లు, పింఛను ఉంటే అవీ రాయండి. సొంత రాబడితో గడవని వారికే ఈ భరణం. తోబుట్టువులుంటే వాళ్ళనూ చేర్చమని అడగొచ్చు. ఆయన ఎప్పుడు వెళ్ళాడో రాసి, అమ్మ వేసిన కేసు కాగితాలు ఉంటే జతచెయ్యండి. దాంతో మినహాయింపు వస్తుందని ఆశపడకండి. కానీ ఫైల్లో ఉండాలి. భరణం నెలకు 10,000 దాటకూడదు. ఉత్తర్వు వచ్చాక ఎగ్గొడితే నెల దాకా జైలు.

అసలు నా కడుపుమంట రాజీ గది గురించి. తండ్రినీ బిడ్డనూ కూర్చోబెట్టి రాజీ చేసే అధికారులు అక్కడ ‘కన్నతండ్రి కదమ్మా, కాళ్ళకు దణ్ణం పెట్టు’ అంటారు. ఏ సెక్షన్‌లో ఉందండీ ఆ దణ్ణం? ఇది కూడా వినండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144 సెక్షన్ కింద భార్యాబిడ్డలకు ఇవ్వాల్సిన భరణం తండ్రి ఎగ్గొడితే, బాకీ పడిన ఏడాదిలోపు తల్లి అర్జీ పెట్టాలి. లేకపోతే ఆ బాకీకి వారంటు రాదు. కూలి మానుకుని ఎన్నిసార్లు తిరుగుతుంది? ఆయన బాకీకి ఏడాది. బిడ్డ దగ్గరికొచ్చేసరికి పితృఋణం అంటారు, ఆ ఖాతా ఎప్పటికీ మూయరు!

భరణం కట్టినంత మాత్రాన క్షమించినట్టు కాదు. క్షమించలేదని కట్టడం మానే వీలూ లేదు. డబ్బు చేతికివ్వకుండా, ఏ నెలదో రాసి బ్యాంకులో వెయ్యండి. రాజీ కాగితంలో ‘ఆదరిస్తాను’ అని ఉంటే సంతకం ఆపండి. డబ్బా, మందులా, మీ ఇంట్లో ఉంచుకోవడమా, విడమరిచి రాయించండి. ఇక క్షమించడమంటారా, చేసింది తప్పని ఆయన నోటితో ఆయన అన్నాక ఆలోచించుకోవచ్చు. ‘అప్పటి పరిస్థితులు అలాంటివి’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకున్నా క్షమించాలనిపించకపోతే వదిలెయ్యండి, దానికి గడువు లేదు.

ఆర్డీవోగారూ, లేచే ముందు ఒక్క మనవి. మీ రాజీ అధికారుల చేత ఆ దణ్ణం మాట మాన్పించండి.