బకెట్టు నీళ్లలో మొదలైన ఈత

[దృశ్యం: తెల్లవారుతున్న వేళ ఈతకొలను. గట్టు పొడవునా వరుసగా నీళ్లు నింపిన ప్లాస్టిక్ బకెట్లు.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఇరవై ఏళ్లకు పైగా బెంగళూరులో ఏటా ఏప్రిల్ నెలలో పిల్లలకు ఈత శిబిరం నడిపిన మా కోచ్ సారు గత శీతాకాలంలో కన్నుమూశారు. ఇంటివారి కోరిక మేరకు ఆయన పేరు చెప్పడం లేదు. ఆయన ఏమి నేర్పారో, దాన్ని ఆ వరుసలోనే ఎందుకు నేర్పారో ఈ వీడియోలో వివరిస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణిగా నేను చేయగలిగిన నివాళి ఇదే.

చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో, వీపుకు బెండ్లు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చుకున్న మనిషి ఆయన. ఆ బావిలోనే తన ఈడు పిల్లవాడు మునిగిపోతుండగా నాలుగు బారల దూరంలో మెట్ల మీద కూర్చుని ఉండి కూడా గమనించలేకపోయానని, ఒక్క అరుపైనా వినపడలేదని మాతో చాలాసార్లు చెప్పారు. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి స్థిరపడ్డాక, సెలవు పెట్టుకుని మరీ శిబిరం మొదలుపెట్టడానికి కారణం ఆ జ్ఞాపకమే.

[దృశ్యం: పోటీలు జరిగే పెద్ద కొలను, దూరం నుంచి.]

వ్యాఖ్యానం: ఈతకు బెంగళూరు పేరున్న ఊరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లిన నిషా మిల్లెట్, టోక్యోలో ఈదిన శ్రీహరి నటరాజ్, 14 ఏళ్ల వయసులో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న ధినిధి దేశింఘు ఈ నగరం నుంచి వెళ్లినవారే. ఇక్కడి ఈత కోచ్‌లు నిహార్ అమీన్‌కు 2015లో, ప్రదీప్ కుమార్‌కు 2016లో, కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. మా సారు ఆ దారిలో నడిచినవారు కారు. ఆయన శిష్యుల్లో పతకాలు తెచ్చినవారు లేరు, ఆయన దాన్ని ఎన్నడూ లోటుగా భావించలేదు.

[దృశ్యం: ఒక పాప బకెట్టులో ముఖం ముంచి బుడగలు వదులుతుంది.]

వ్యాఖ్యానం: శిబిరంలో మొదటి రోజు ఎవరూ కొలనులోకి దిగరు. తలా ఒక బకెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నోటితో గాలి పీల్చుకుని, ముఖం నీళ్లలో ముంచి, ఆయన అయిదు లెక్కపెట్టేవరకు బుడగలు వదలాలి. కన్నడ పిల్లలైనా, తమిళ పిల్లలైనా అంకెలు మాత్రం తెలుగులోనే వినేవారు. ఎవరైనా ఊపిరి బిగబడితే ఆయన పక్కన చతికిలబడి, "గాలి వదలరా నాయనా, దాచుకుంటే అదే నిన్ను భయపెడుతుంది" అనేవారు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఊపిరి బిగబట్టినప్పుడు మనకు కలిగే ఉక్కిరిబిక్కిరి ప్రధానంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల కాక, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల వస్తుంది. నీటిలోనే గాలి వదిలేసిన పిల్లవాడికి తల పైకి వచ్చిన క్షణంలో పీల్చుకోవడం ఒక్కటే పని. బిగబట్టినవాడు అదే క్షణంలో వదలాలి, పీల్చాలి కూడా, అందుకే తడబడి నీళ్లు మింగుతాడు.

రెండో పాఠం వెల్లకిలా తేలడం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది శరీరం నీటికంటే కాస్త తేలికగానే ఉంటుంది. అయినా భయంతో తల పైకెత్తుతాం. నాలుగైదు కిలోల తలను అప్పటిదాకా మోసిన నీరు ఇక మోయదు కనుక నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి. చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చమని చెప్పి, సారు రెండు వేళ్లు మాత్రం నా మెడ కింద ఆనించారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆకాశంలో ఒక గద్ద తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆ వేళ్లు ఎప్పుడు తీసేశారో నాకు ఈనాటికీ తెలియదు.

ఈ రెండూ కుదిరాకే చేతులు వేయడం, కాళ్లు ఆడించడం నేర్పేవారు. వాటి గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కాబట్టి నేను ముందుకు వెళ్తాను.

[దృశ్యం: తాడు కట్టిన ఖాళీ నూనె డబ్బా.]

వ్యాఖ్యానం: ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. మునిగేవారు చేతులు ఊపుతూ కేకలు వేస్తారని అనుకుంటాం. నిజానికి నోరు నీటిపైకి వచ్చే ఆ కాస్త వ్యవధి ఊపిరికే చాలదు, ఇక అరవడానికి గాలి ఎక్కడిది? చేతులు నీటిని కిందికి అదుముతుంటాయి, తల వెనక్కి వాలి ఉంటుంది, నిమిషం లోపే మనిషి మునిగిపోవచ్చు. నీళ్లలో ఉన్న పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైతే వెంటనే లేచి చూడమని సారు తల్లిదండ్రులందరికీ చెప్పేవారు.

అలా కనిపించినప్పుడు దూకవద్దన్నది ఆయన పెట్టిన కఠినమైన నియమం, ఎందుకంటే మునిగేవాడు అందినదాన్ని పట్టుకుని కిందికి తొక్కుతాడు, కాపాడబోయినవాడూ పోతాడు. 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు మూత బిగిస్తే అది నీటిలో దాదాపు 5 కిలోల బరువును మోయగలదు. విసిరేటప్పుడు గాలికి కొట్టుకుపోకుండా అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి, పిడికి తాడు కట్టి, మనిషిని దాటి అవతల పడేలా విసిరి, తాడు అతని చేతికి తగిలేలా లాగాలి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం తప్పు. శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే నోటితో ఊపిరి ఊది, ఆపై గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వార్త వచ్చిన రాత్రి సారు ఇంట్లో అన్నం ముట్టలేదట. ఈత వచ్చి ఉంటే బతికేవారని ఆయన ఎన్నడూ అనలేదు, ఆ ప్రవాహం ముందు ఎంతటి ఈతగాడైనా నిలవలేడని ఆయనకు తెలుసు. మరుసటి ఏడాది నుంచి శిబిరం చివరి రోజును నదుల కోసం కేటాయించారు. మేకెదాటు, ముత్తత్తి వైపు విహారానికి వెళ్లే బెంగళూరు పిల్లలకు, కావేరిలో దిగేముందు ఆ ఊరివాళ్లను అడగడం, పై నుంచి నీళ్లు వదులుతారేమో తెలుసుకోవడం, బండల మీద పాకుడు చూసుకోవడం ఓపికగా చెప్పేవారు.

[దృశ్యం: కారు డిక్కీలో నూనె డబ్బా, కొత్త తాడు.]

వ్యాఖ్యానం: శిబిరం ముగిసినప్పుడు సర్టిఫికెట్ ఇచ్చేవారు కాదు. ప్రతి పిల్లవాడికీ ఒక డబ్బా, ముప్పై అడుగుల తాడు ఇచ్చి, ముడి తానే వేసేవారు. నాది ఇప్పటికీ నా కారులో ఉంది. ఎండకు తాడు పెళుసెక్కితే మార్చి తీరాలని ఆయనే చెప్పారు కనుక, ఈ ఏప్రిల్‌లో ఆయన వేసిన ముడి విప్పి, కొత్త నైలాన్ తాడు కట్టాను.