వానలో అల్‌హంబ్రా

శ్రోతలకు నమస్కారం.

స్పెయిన్ దేశానికి దక్షిణాన గ్రనడా అనే ఊరుంది. సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లు ఎండను నమ్ముకునే వెళతారు. మేమూ అంతే. తీరా అల్‌హంబ్రా కోట చూడాల్సిన రోజున పొద్దున్నే వాన పట్టుకుంది. పోనీ రేపు వెళదామా అంటే కుదరదు. లోపలి రాజభవనాల టికెట్ మీద పేరుతోపాటు టైము కూడా వేసి ఉంటుంది. అది దాటితే అంతే సంగతులు. తిట్టుకుంటూనే గొడుగులు పట్టుకుని బయల్దేరాం. ఇప్పుడు నన్నడిగితే మాత్రం, ఆ కోట గుట్టు తెలియాలంటే వాన రోజే చూడాలంటాను.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. క్రీ.శ. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సేనలు జిబ్రాల్టర్ జలసంధి దాటి స్పెయిన్‌లో దిగాయి. వాళ్లనీ, వాళ్ల తర్వాతి తరాలనీ యూరప్‌వాళ్లు మూర్లు అన్నారు. వాళ్ల రాజ్యాలు ఒక్కొక్కటే చేజారిపోగా చివరికి మిగిలింది గ్రనడా. అక్కడి నస్రిద్ వంశానికి మూలపురుషుడైన మొదటి ముహమ్మద్ 1238లో ఈ కొండ మీద కాలుపెట్టాడు. 1492 జనవరి 2న ఆఖరి సుల్తాను బోఅబ్దిల్ కోటను స్పెయిన్ క్రైస్తవ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లాలకు అప్పగించాడు.

కోటేమో కొండ మీద, దారో నదేమో కింద లోయలో. నీళ్లు పైకెలా ఎక్కాయి? అసలు ఎక్కించనేలేదు. దాదాపు 6 కిలోమీటర్ల ఎగువన, నది కోట కంటే ఎత్తులో ఉన్నచోట నీటిని మళ్లించి, కొండ వార వెంబడి కాలువ తవ్వి, పల్లం మీదే నడిపించుకొచ్చారు. తోటలకూ స్నానశాలలకూ ఫౌంటెన్లకూ ఆ కాలువే దిక్కు.

లోపలి రాజభవనాల్లో ఒకటైన కొమారెస్ భవనం ముంగిట్లో 34 మీటర్ల పొడవున కొలను ఉంది. రెండు కొసల్లోనూ నేలమట్టాన చిన్న గుండ్రటి తొట్లున్నాయి. నీళ్లు ముందు వాటిలో తిరిగి, దూకుడు తగ్గాక మెల్లగా కొలనులోకి జారతాయి. ఇంత మర్యాద ఎందుకంటే, నీరు కదిలితే ఎదురుగా ఉన్న బురుజు ప్రతిబింబం చెదిరిపోతుంది. పాపం, ఆ జాగ్రత్తంతా ఆ రోజు చినుకుల పాలైంది. ఫొటో కోసం ఫోన్లు ఎత్తినవాళ్ల ముఖాలు చూడాలి!

నేను మాత్రం కొలను వదిలేసి గోడల మీద పడ్డాను. ఆ సన్నటి చెక్కడమంతా రాయి కాదు, జిప్సం. నీళ్లు తగులుతూ ఉంటే పాడైపోయే సరుకు. అంటే ఏ గదిలో చూసినా నీళ్లు పారించుకున్నవాళ్లు, నీళ్లంటే గిట్టని సరుకుతో గోడలు అలంకరించుకున్నారన్నమాట. ఎంత ధీమా! కింద మనిషి నడుము ఎత్తు దాకా రంగురంగుల పింగాణీ పలకలు. తడీ మురికీ తగిలేది అక్కడే కదా. దానిపైన జిప్సంలో తీగలు, నక్షత్రాలు, వాటి మధ్య ‘దేవుడు తప్ప విజేత లేడు’ అన్న అరబ్బీ మాట, మళ్లీ మళ్లీ అదే మాట. అన్నిటికీ పైన చూరు.

ఆ చూరు దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. నస్రిద్ వంశపు సుల్తాను ఐదో ముహమ్మద్ 1370లో కొమారెస్ భవనానికి కట్టించిన ముఖద్వారం మీద చెక్కిన చెక్క చూరు బాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఎండ రోజున చూస్తే అదీ ఒక అలంకారమే అనుకుంటాం. వానలో దాని పని తెలుస్తుంది. మన పెంకుటింటి చూరులాగే నీటిని గోడకు దూరంగా పడేస్తోంది. వెనక అక్షరాలు పొడిగా ఉన్నాయి. ఆరువందల ఏళ్లు దాటినా ఆ పనితనం నిలబడిందంటే అందులో సగం పుణ్యం చూరుదే.

సింహాల ముంగిట్లో 124 పాలరాతి స్తంభాలు, నడుమ పన్నెండు రాతి సింహాలు మోసే ఫౌంటెన్ పళ్లెం. ఆ పళ్లెం అంచున ఇబ్న్ జమ్రక్ అనే మంత్రిగారి పద్యం చెక్కి ఉంది. పారుతున్నది నీరో పాలరాయో తేల్చుకోలేకపోతున్నానంటాడు. అక్కడి పిల్లకాలువలు పక్క గదుల్లోనే పుడతాయి. గది మధ్యన, నేలలో చిన్న ఫౌంటెన్. అందులోంచి నీరు గడప దాటి, మెట్టు దిగి, సింహాల దగ్గరికి పోతుంది. బయట వాన, లోపల మన కాళ్ల పక్కన కాలువ, మనం పొడిగా! ఆ గదుల్లో ఒకదానిపైన ఐదు వేలకు పైగా జిప్సం ముక్కలు పేర్చిన గుమ్మటం ఉంది. బయటి నుంచి చూస్తే ఆ వైభవం ఛాయ కూడా కనబడదు, మామూలు పెంకుల కప్పే.

పక్కనే, సుల్తానులు పోయాక స్పెయిన్‌ను ఏలిన చక్రవర్తి ఐదో చార్లెస్ 1527లో మొదలుపెట్టించిన రాతి భవనం. మధ్యలో పెద్ద గుండ్రటి ముంగిలి. దర్పానికి లోటు లేదు, కానీ పని మధ్యలో ఆగిపోయి 20వ శతాబ్దం దాకా దానికి కప్పే పడలేదు. చూరు విలువ తెలిసిన సుల్తానుల పక్కన ఈ చక్రవర్తి కొంచెం చిన్నబోయినట్టే నాకనిపించింది.

పక్క కొండ మీది హెనెరలీఫె తోటలో మెట్ల దారికి అటూ ఇటూ ఉన్న పిట్టగోడల మీదే నీరు పారుతుంది. పెంకులు వెల్లకిలా పరిచి కాలువ చేశారు. మెట్లెక్కుతూ అందులో చెయ్యి ముంచవచ్చు.

మీరెప్పుడైనా అటు వెళితే, వాన పడినా టికెట్ వదులుకోకండి. నున్నటి అడుగుల చెప్పులు మాత్రం వద్దు. తడిసిన పాలరాయి మహా జారుడు. చార్లెస్ భవనం లోపలికి టికెట్ అక్కర్లేదు. వాన మరీ ఎక్కువైతే దాని వసారాలో నిలబడొచ్చు. ఇప్పుడు దానికి కప్పు ఉంది లెండి.

సెలవు, నమస్కారం.